ప్రకారంగారి పెన్సిలు

జనన మరణాల నమోదు కార్యాలయంలో ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించేది కాదు. అందరికీ ఆవిడ ప్రకారంగారు. ఏ కాగితం మీద ఏం రాసినా "నిబంధనల ప్రకారం" అన్న ముక్క లేకుండా వదలదని ఆ పేరు పెట్టారు. ఒకసారి సెలవు చీటీలో "నిబంధనల ప్రకారం జ్వరం వచ్చినందున" అని రాసిందని కింది అంతస్తు గుమాస్తా ఊరంతా చెప్పుకొచ్చాడు. అది పచ్చి అబద్ధం. అయినా నమ్మనివాళ్ళు లేరు.

సన్నగా, నిటారుగా ఉండే మనిషి. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే విభాగం, అదే కిటికీ, అదే కుర్చీ. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది. ఆవిడని చూసి నవ్వుకున్నవాళ్ళలో టెక్నికల్ ఆఫీసరు కూడా ఒకడు. ఆ మాట తర్వాత తనే అందరికీ చెప్పుకున్నాడు, సిగ్గుపడుతూ.

ఈయన ఏడాది కిందట వచ్చాడు. కంప్యూటరు చదువు చదువుకున్నవాడు. కార్యాలయంలో ఉన్న పాత రిజిస్టర్లన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆయన నెత్తిన పడింది. ఎక్కించేది ఏదో ఒక కంపెనీయే. కానీ ఏం ఎక్కించాలో, ఎలా ఎక్కించాలో టెండరు పత్రంలో రాసి చెప్పాల్సింది సర్కారు. అందులో రాయకుండా వదిలేసినదాన్ని ఏ కంపెనీ ముట్టుకోదు. అందుకని ఆ పత్రం రాసేవాడికి కంటిమీద కునుకుండదు.

నూట ఎనభై పేజీల పత్రం. ఈయన ఆరు వారాల్లో రాసేశాడని డైరెక్టరు భుజం తట్టాడు. నిజం చెప్పాలంటే అందులో నూట ఇరవై పేజీలు రవాణా శాఖవాళ్ళ పాత టెండరులోంచి ఎత్తి పెట్టినవే. అలా ఎత్తి పెట్టడం సర్కారు ఆఫీసుల్లో తప్పు కాదు, అలవాటు. కాకపోతే ఒక పేజీలో "వాహనం" అన్నచోట "శిశువు" అని మార్చి, పక్కన ఉన్న "ఇంజను నంబరు" మార్చడం మర్చిపోయాడు. నెలరోజుల పాటు ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఇంజను నంబరెంత అని ఆఫీసంతా ఒకటే నవ్వులు.

టెండరు పిలిచాక కంపెనీలు అనుమానాలు అడుగుతాయి. ఆరు కంపెనీలు కలిసి రెండొందల పన్నెండు ప్రశ్నలు పంపాయి. వాటికి జవాబులు శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా అందరూ చదివేలా వెబ్‌సైటులో పెట్టాలి. ఒకసారి పెట్టాక ఆ జవాబులు కూడా కాంట్రాక్టులో భాగమైపోతాయి. అందుకే తరతరాలుగా గుమాస్తాలు ఒక క్షేమమైన జవాబు కనిపెట్టి పెట్టుకున్నారు: "టెండరు నిబంధనల ప్రకారమే." ప్రశ్న ఏదైనా సరే, ఇదే జవాబు. అడిగినవాడికి ఏమీ తెలియదు, చెప్పినవాడికి ఏమీ అంటుకోదు. ఈ పనికి ప్రకారంగారిని మించినవాళ్ళెవరని డైరెక్టరు ఆవిడని ఈయన పక్కన కూర్చోబెట్టాడు. ఆవిడ చేత్తో రాయడం, ఈయన టైపు కొట్టడం.

బుధవారం మధ్యాహ్నానికి నూట నలభై ఆరు అయిపోయాయి. నూట నలభై ఏడో ప్రశ్న ఈయనే చదివాడు. రిజిస్టర్లని నలుపు తెలుపుల్లో స్కాన్ చేస్తే సరిపోతుందా, బూడిదరంగు ఛాయలు కూడా రావాలా అని అడిగారు. ఛాయలు రావాలంటే గడువు ఇంకో రెండు నెలలు కావాలట.

"ప్రకారమే అని రాసి పడెయ్యండమ్మా," అన్నాడు. పత్రంలో నలుపు తెలుపు అనే ఉంది. అది కూడా రవాణా శాఖనుంచి వచ్చిందే. వాళ్ళవి అచ్చు కాగితాలు.

ఆవిడ కలం కదల్లేదు.

"నలుపు తెలుపు అంటే ఏంటి బాబూ?"

"ముదురుగా ఉన్నదంతా నలుపు, లేతగా ఉన్నదంతా తెలుపు. మధ్యలో ఏమీ ఉండదమ్మా. ప్రతి చుక్క దగ్గరా ఉందో లేదో యంత్రం తేల్చేస్తుంది."

"మరి పెన్సిలు రాత?"

"లేతగా ఉంటే ఎగిరిపోతుంది. అయినా మనకి పెన్సిలు గొడవెందుకు? రికార్డు సిరాతోనే రాయాలని నిబంధనే ఉందిగా."

ఆవిడ కలానికి మూత పెట్టేసింది. వాక్యం మధ్యలో ఆవిడ మూత పెట్టడం ఆయన అంతకుముందెప్పుడూ చూడలేదు. సొరుగులోంచి తాళాలగుత్తి తీసి, "ఒకసారి పైకి రా," అంది.

రికార్డు గది రెండో అంతస్తులో ఉంది. ఇనప అరల్లో పదకొండు వందల నలభై రిజిస్టర్లు. టెండరు రాసేటప్పుడు ఈయన ఆ గది గుమ్మం దగ్గర నిలబడి అరలు లెక్కపెట్టి, అరకి ఇన్నని గుణించుకుని వెళ్ళిపోయాడు. ఒక్క రిజిస్టరూ తెరవలేదు. రిజిస్టర్ల వెన్ను మీది అంకె కూడా చూడకుండా ఆవిడ ఒకటి లాగి, కిటికీ దగ్గరి బల్లమీద పెట్టి, ఒక పేజీ దగ్గర ఆగింది. మధ్య గడుల్లో నీలం సిరా రాతలు. కుడి అంచు ఖాళీగా ఉంది.

"ఏమీ లేదు కదమ్మా," అన్నాడు.

ఆవిడ పేజీని రెండు వేళ్ళతో పైకెత్తి, వెలుతురుకి ఏటవాలుగా పట్టింది. ఖాళీగా ఉన్న అంచు మీద అక్షరాలు వెండిలా తళుక్కుమన్నాయి. ఈయన ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత దగ్గరికొచ్చి, వంగి చదివాడు. "ఆడబిడ్డ. బస్సులో. తల్లి చెప్పింది. కాగితం తెస్తానంది." కింద తేదీ, వేళ.

ఇంకో పేజీ ఎత్తింది. "పేరు తెలియదు. సుమారు అరవై. వంతెన కింద. ముగ్గురు మోసుకొచ్చారు." మరొకటి. "కవలలు. ఒకడే మిగిలాడు. వీడు రెండోవాడు."

"ఇవన్నీ ఏంటమ్మా?" గొంతు తగ్గించి అడిగాడు, గుడిలో మాట్లాడినట్టు.

"కాగితాలు లేకుండా వచ్చినవాళ్ళు. నాకు ముందు ఈ కుర్చీలో ఉన్న పెద్దాయన మొదలుపెట్టాడు. కాగితం లేదని పంపేస్తే ఆ బిడ్డ పుట్టనట్టే కదా. పోనీ సిరాతో రాద్దామా అంటే, రుజువు చూడకుండా చూశామని రాయడం అబద్ధం. అందుకని పెన్సిలు. సిరా అంటే నేను చూశానని. పెన్సిలంటే నేను విన్నానని. ఎప్పుడైనా కాగితం తెస్తే లోపలి గడిలో సిరాతో ఎక్కిస్తాం."

"తేకపోతే?"

"తేకపోయినా అడిగినప్పుడు చీటీ ఇస్తాను, మా దగ్గర నమోదు ఉంది అని. ఆ చీటీతోనే బళ్ళో చేరారు, ఉద్యోగాల్లో చేరారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. సిరాతో ఉందా పెన్సిలుతో ఉందా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు."

"ఎన్ని ఉంటాయి?"

"ఆరువేల రెండొందల పదమూడు."

సుమారుగా ఇంత అని చెప్పలేదు. ఆవిడ తన ఇంటి గదులెన్నో చెప్పినంత మామూలుగా చెప్పింది. ఈయన బుర్ర గోక్కుని ఇంకో సందేహం బయటపెట్టాడు. "పెన్సిలు వెలిసిపోదా అమ్మా? పెద్దాయన రాసినవి నలభై ఏళ్ళ నాటివి ఉంటాయేమో. అవీ మెరుస్తున్నాయే!"

"వెలిసిపోతుంది. అందుకని ఏడాదికి నూట తొంభై రిజిస్టర్లు తీసి, తగ్గినవాటిని మళ్ళీ దిద్దుతాను. మొత్తం ఒక చుట్టు తిరగడానికి ఆరేళ్ళు పడుతుంది. ఇప్పుడు నడుస్తున్నది ఐదో చుట్టు. అన్నం తినేసి వస్తాను కదా, ఆ అరగంటలో."

ఆఫీసులో అందరూ మధ్యాహ్నం కబుర్లు చెప్పుకునే ఆ అరగంటలో ఆవిడ ఎక్కడికి పోతుందో ఒక్కరూ అడగలేదు. నిద్రపోతుందనుకునేవాళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళపాటు ఒక మనిషి, ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, ఆరువేల మందిని చెరిగిపోకుండా కాపాడుకుంటూ వచ్చింది. నేను చదివిన చదువులో ఇంత గొప్ప పని ఎక్కడా లేదు అనుకున్నాడు. ఆ వెంటనే తను రాసిన పత్రంలో తొంభై ఆరో పేజీ గుర్తొచ్చింది. స్కానింగు పూర్తయిన నెలలోపు రిజిస్టర్లన్నిటినీ ముక్కలు చేసి కాగితపు గుజ్జు మిల్లుకి పంపాలి, గది ఖాళీ చేసి పక్క శాఖకి అప్పగించాలి. అది రవాణా శాఖది కాదు. తన సొంత తెలివి.

మర్నాడు పొద్దున్నే ఒక ఉపాయంతో వచ్చాడు.

"పెన్సిలు మాట ఎత్తొద్దమ్మా. నాణ్యత కోసం బూడిదరంగు ఛాయలు కావాలి అని రాసేద్దాం. నియమం తప్పి రాశారని ఎవరికీ తెలియదు, రాతలూ స్కాన్ బొమ్మలోకి వచ్చేస్తాయి."

"బొమ్మలోకి వస్తాయి. తర్వాత బొమ్మ చూసి గడుల్లో టైపు కొట్టేది ఎవరు?"

"కంపెనీ పిల్లలు."

"గడిలో ఉన్నదే కొడతారు. అంచున ఉన్నదాన్ని పిచ్చిగీత అనుకుంటారు. రేపు ఎవరైనా వచ్చి తన పేరు చెబితే కంప్యూటరు లేదంటుంది. లేదని కంప్యూటరు చెప్పాక ఆ బొమ్మ తెరిచి అంచులు వెతికేవాళ్ళు ఎవరున్నారు?"

నూట ఎనభై పేజీలు రాసినవాడికి తట్టని సంగతి, కంప్యూటరు ముట్టని మనిషికి తట్టింది.

ఆవిడ అప్పటికే జవాబు రాసి పెట్టింది. ఒక్క కొట్టివేత లేదు. "ప్రశ్న 147కు జవాబు: బూడిదరంగు ఛాయలతోనే స్కాన్ చేయవలెను. కారణం: రిజిస్టర్ల కుడి అంచున పెన్సిలుతో రాసిన 6,213 నమోదులు కలవు. ఇవి నిబంధనలకు విరుద్ధము. వీటిలో నాలుగువేల పైచిలుకు ఈ జవాబు రాసిన ఉద్యోగి చేతిరాతలోనివి. వీటిని 'విన్నది' అను ప్రత్యేకమైన గడిలో ఎక్కించవలెను. ఒక్కటి విడిచినను పని పూర్తయినట్లు పరిగణించబడదు."

"అమ్మా, ఇది జవాబు కాదు. నేరం ఒప్పుకున్నట్టుంది," అన్నాడు.

"ఒప్పుకున్నట్టే."

ఆ సాయంత్రం ఈయన ఊరుకోలేక ఆవిడ భర్త దగ్గరికి వెళ్ళాడు. ఆయన దర్జీ. మేడమీద చిన్న కొట్టు, ఇరుకు మెట్లు. మోకాళ్ళు అరిగిపోయి ఆ మెట్లు కూర్చుంటూ లేస్తూ ఎక్కుతాడు. ఈవిడ రిటైరయ్యాక వచ్చే డబ్బుతో ఇంటి ముందు ఒక గది వేసుకుని, మిషను అక్కడికి దింపుకోవాలని ఆలుమగలిద్దరూ ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నారు. ఆ గది కొలతలు గోడమీద సుద్దముక్కతో గీసి పెట్టుకున్నాడు కూడా.

"విచారణ వేస్తే ఆ డబ్బు ఆగిపోతుంది బాబాయ్. ఏళ్ళు పట్టొచ్చు. మీరైనా చెప్పండి," అన్నాడు.

దర్జీ సూదిలోకి దారం ఎక్కించాడు. తర్వాత నవ్వాడు.

"పెళ్ళయిన కొత్తలో ఈవిడ వేలికి ఎప్పుడూ నల్లటి మరక ఉండేది. ఏంటే అది అంటే ఆఫీసు పని అంది. నేను నమ్మలేదనుకో, అనుమానంతో ఒకరోజు వెనకాలే వెళ్ళాను. కిటికీ దగ్గర నిలబడి చూశాను. ఒక్కతే కూచుని దిద్దుకుంటోంది. వచ్చేశాను. ఇప్పుడు ఆపమని నన్ను చెప్పమంటావా? నా వల్ల కాదు నాయనా. మెట్లెక్కడం నాకు అలవాటే."

శుక్రవారం నాలుగింటికి జవాబులన్నీ డైరెక్టరు బల్ల మీదికి వెళ్ళాయి. ఆయన చెడ్డవాడు కాదు, గొడవలంటే గిట్టనివాడు. ప్రకారమే, ప్రకారమే అని చూసుకుంటూ పోయినవాడు నూట నలభై ఏడు దగ్గర ఇంతెత్తున లేచాడు.

"ఏంటమ్మా ఇది! లోకమంతా చదువుతుంది. చదివాక మీ మీద విచారణ వెయ్యక నాకు తప్పదు. అది తేలేదాకా మీ డబ్బులు రావు. నాలుగు నెలలు కళ్ళు మూసుకుంటే హాయిగా ఇంటికి పోతారు కదా!"

"వెయ్యండి సార్," అంది ప్రకారంగారు. "విచారణ వేస్తే రిజిస్టర్లు సాక్ష్యం కిందికి వస్తాయి. సాక్ష్యాన్ని విచారణ తేలేదాకా ధ్వంసం చెయ్యడానికి వీల్లేదు. రికార్డుల నియమావళిలో పదకొండోది."

గోడ పక్కన నిలబడ్డ టెక్నికల్ ఆఫీసరుకి అప్పుడు వెలిగింది. ఈవిడ విచారణకి భయపడలేదు సరికదా, కావాలనే తన మీదికి లాక్కుంటోంది. ఆ గదిలోని రిజిస్టర్లు గుజ్జు మిల్లుకి పోకుండా ఆపగలిగినది ఈ భూమ్మీద అదొక్కటే. జీవితమంతా నిబంధనల ప్రకారం అని రాసిన మనిషికి, నిబంధన ఎక్కడుందో, దాన్ని ఎటు తిప్పితే ఎవరిని కాపాడుతుందో అరచేతిలో గీతల్లా తెలుసు. ఆయనకి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. ఆఫీసు కాబట్టి ఊరుకున్నాడు.

"ఒకటి చూపించండి," అన్నాడు డైరెక్టరు.

ముగ్గురూ పైకి వెళ్ళారు. డైరెక్టరు తన చేత్తోనే పేజీ ఎత్తి వెలుతురుకి పట్టాడు. ఒకటి చూపించమన్నవాడు పది చూశాడు. కిందికొచ్చి సంతకం పెట్టేసరికి ఐదుకి పది నిమిషాలుంది. టెక్నికల్ ఆఫీసరు జవాబుల్ని వెబ్‌సైటులోకి ఎక్కించి, నూట నలభై ఏడోది ఒకసారి తెరిచి చూసుకున్నాడు.

ఆరు కంపెనీల్లో రెండు తప్పుకున్నాయి. నాలుగింట్లో ఒకదానికి పని దక్కింది. వాళ్ళు మూడు నెలలు స్కాన్ చేశారు. ఒకరోజు కంపెనీ ఇంజనీరు మెట్లు దిగి పరిగెత్తుకొచ్చి, అంచు రాతలు మొత్తం ఆరువేల రెండొందల పదమూడు తేలాయని, ఒక్కటి కూడా ఎక్కువ తక్కువ లేదని రొప్పుతూ చెప్పాడు. విన్నవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ తలాడించి, "కవలల పేజీ సరిగ్గా వచ్చిందా?" అని అడిగింది.

నెల తిరక్కుండానే ఆవిడ రిటైరైంది. పూలదండ వేశారు, డబ్బు మాత్రం రాలేదు. దర్జీ మెట్లెక్కుతూనే ఉన్నాడు.

విచారణకి వేరే శాఖనుంచి ఒక అధికారి వచ్చాడు. మొహంలో నవ్వు జాడే లేని మనిషి. నియమం ప్రకారం ఎవరెవరి నమోదు గురించి విచారణో వాళ్ళందరికీ తాఖీదులు వెళ్ళాలి. చీటీలు చించాక పుస్తకాల్లో మిగిలిన మొదళ్ళలో ఉన్న చిరునామాలకి పంపారు, పత్రికల్లో వేశారు. జనాన్ని పిలిచే బాధ్యత టెక్నికల్ ఆఫీసరుది. పదిమంది వస్తే గొప్పే అనుకుని పది కుర్చీలు వేయించాడు.

విచారణ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి చూస్తే వరండాలో కాలు పెట్టే చోటు లేదు. వరండా నిండి, మెట్లు నిండి, గేటు దాటి, వీధి మలుపుదాకా మనుషులు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, యూనిఫారాల్లో ఉన్నవాళ్ళు, పనిముట్లు పట్టుకుని వచ్చినవాళ్ళు. అందరి చేతుల్లోనూ మడతలు చిరిగిన చీటీలు. ఆయన మెట్ల మీద అలాగే నిలబడిపోయాడు. కిటికీ దగ్గర వెండిలా మెరిసిన గీతలు ఇలా ఊపిరి పీలుస్తూ, దగ్గుతూ, పిల్లల్ని సముదాయించుకుంటూ వీధంతా నిండి నిలబడతాయని ఆయన ఊహించలేదు. కళ్ళనీళ్ళు వచ్చాయి. తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

లోపల ప్రకారంగారు ముద్దాయిలు కూర్చునే బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది.

మొదట వచ్చినవాడు ఒక తాపీమేస్త్రీ. పాతికేళ్ళవాడు.

"నీ పుట్టుక గురించి నీకు తెలిసింది చెప్పు," అన్నాడు విచారణాధికారి.

"నాకేం తెలుసండి. అనాథాశ్రమంలో పెరిగాను. నన్నెవరో చెత్తకుండీ పక్కన పడేసి పోయారని అక్కడ చెప్పారు. ఈ చీటీ ఎలా వచ్చిందో కూడా నాకు తెలీదు."

అధికారి చీటీ చూసి ప్రకారంగారి వైపు తిరిగాడు. "దీనికి ఆధారమేమిటి? మీరేం విన్నారు?"

ఆవిడ రిజిస్టరు అడగలేదు. మేస్త్రీ మొహం వంకే చూస్తూ చెప్పింది.

"చెత్తకుండీ కాదు నాయనా. మీ అమ్మే తెచ్చింది నిన్ను. మంగళవారం, పదకొండు గంటలప్పుడు. పదిహేడు పద్దెనిమిదేళ్ళుంటాయి, ఒక్కతే వచ్చింది. నేను పెంచలేను, ఆశ్రమంలో ఇచ్చేస్తాను, కానీ పుట్టాడని ఎక్కడైనా రాసి ఉండాలి అంది. కాగితాలు లేవంది. రాశాను. తనకి చదవడం రాదు. ఏం రాశారో చదవమంది, చదివాను. ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాను. నిన్ను ఎత్తుకునే విన్నది."

మేస్త్రీ రెండు చేతులూ బల్ల అంచుమీద ఆనించి, తల వంచుకుని నిలబడ్డాడు.

"ఇదంతా రాయనా?" అని విచారణాధికారి అడిగాడు, మెల్లగా.

"రాయండి సార్," అన్నాడు మేస్త్రీ. "రెండుసార్లు చదివించుకుందని కూడా రాయండి."

అధికారి కలం మూత తీసి, సిరాతో, ఒక్కొక్క మాటే రాసుకున్నాడు. మేస్త్రీ చేత సంతకం పెట్టించి, తర్వాతివాళ్ళని పిలవమని తలుపు వైపు చూశాడు. టెక్నికల్ ఆఫీసరు రెండో పేరు పిలిచాడు.